రేడియేటర్ మీద వడియాలు

లండన్‌లో ఉంటున్న మా తోడికోడలు వీడియో కాల్‌లో వాళ్ల గదిని వెచ్చగా ఉంచే పోత ఇనుప రేడియేటర్ చూపించింది. లోపల వేడినీళ్లు తిరుగుతుంటాయట. దానిమీద పళ్లెం నిండా గుమ్మడి వడియాలు!

"అక్కా, బయట మంచు పడుతున్నా ఎలా గలగలలాడుతున్నాయో చూడండీ!" అంది.

తనకి వడియాలు పెట్టడం నేర్పింది నేనే. ఇక్కడ ఏలూరులో నావేమో నాలుగు రోజుల ముసురుకి ఫ్యాన్ కిందే బూజు పట్టాయి. నా కడుపు మండిపోయింది.

"ఎండ తగలని వడియానికి రుచేం ఉంటుందమ్మా!" అన్నాను.

వేసవిలో వచ్చినప్పుడు ఒక డబ్బాడు తెచ్చింది. వేయించి వడ్డిస్తే, ఉప్పెక్కువైందని అందరి ముందూ వంక పెట్టాను. తను వెళ్లాక మా ఆయన అడిగితే అయిపోయాయండీ అన్నాను.

డబ్బా నా బీరువాలో చీరల వెనక ఉంది.