వదిన కోయని పడుగు

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. ఇవాళ మీకు చెప్పేస్తాను. పేరు మాత్రం అడగకండి.

కొత్తగా రాసేవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. నవల మధ్యలో చతికిలబడింది, ఏం చేయాలి అని అడుగుతారు. జరిగినదానికి కారణం వెతకండి, కథ దానంతటదే నడుస్తుందంటాను. ఉదాహరణ అడిగితే నా మొదటి నవలనే చూపిస్తాను. సిగ్గు లేదా నాకు?

ఆ నవల కోస్గి ఊళ్లోని మా ఇంటి కథ. తెల్లారేసరికి అన్న మగ్గం గుంటలో దిగేవాడు. ఒక బట్ట పూర్తయితే వదిన వేళ్లకు బూడిద రాసుకుని, మగ్గం మీద మిగిలిన పాత పోగుల కొసలకు నిలువుగా సాగే కొత్త పడుగు పోగులు అతికేది. పక్కన కూర్చుని నేను కథలు అల్లి చెప్పేవాణ్ణి. ఎక్కడైనా అతకకపోతే నవ్వేది. ఆ నవ్వుకు భయపడే కథ చెప్పడం నేర్చుకున్నాను. ఆ పొద్దులు ఎంత బాగుండేవో.

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన కొత్తలో నవల పూర్తిచేశాను. అచ్చువేసే ఆయన చదివి, ఇంత బాగా నడిచే మగ్గం ఎందుకు ఆగిందో ఎక్కడా లేదన్నారు. నెలల తరబడి తల బద్దలుకొట్టుకున్నాను. చివరికి, వదిన కోపంతో సగం నేసిన పడుగును కోసేసినట్టు రాశాను. నేతగాళ్ల ఇంట్లో అది అన్నం కుండను తన్నడంతో సమానం. తెలిసే రాశాను. కథ పరుగెత్తింది. అందరూ మెచ్చుకున్నారు.

పేరు మార్చినా మా వీధివాళ్లు పోల్చుకున్నారు. తమ మగ్గాలకు పోగులు అతకడానికి వదినను పిలవడం మానేశారు. ఒకసారి ఊరికి వెళితే, అన్నం పెడుతూ అడిగింది.

“నేను పడుగు కోసిన్నా, మర్దీ?”

“అది కథ వదినా. నిజం గాదు గదా.”

“నిజం గాదని నీకెర్క. సదివినోళ్లకు ఎట్ల ఎర్కైతది?”

ఇంకొంచెం కూర వేసి ఆమె లోపలికి వెళ్లింది.

మరి మగ్గం ఎందుకు ఆగింది? నాకు తెలియదా? అన్నా నేనూ వంతులేసుకుని నేసేవాళ్లం. జడ్చర్లలో మందుల కంపెనీలో పని దొరకగానే, వారంలో వస్తానని చెప్పి సగం చీరను మగ్గం మీదే వదిలి బస్సెక్కాను. మళ్లీ గుంటలో దిగలేదు. ఇద్దరి పని ఒక్కడి వల్ల కాక అన్న ఆపేశాడు. నవలలో లేని కారణం అదే. ఆ ఇంట్లో ఒక మరిది ఉన్నట్టే నేను రాయలేదు.

మగ్గం విప్పిన రోజున అన్న ఆ పోగులు కోయబోతే వదిన కోయనివ్వలేదట. మరిది వచ్చి నేస్తాడని, సగం చీరతో సహా చుట్టి అటక మీద పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

మగ్గం ఆపింది నేను. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక గుండె కాస్త తేలికైంది. వదినకు ఇంకా చెప్పలేదు.