మనిషి కంటే ముందు వచ్చిన నీడ

సుభద్ర పద్దెనిమిదేళ్ళు హిందీ సీరియళ్ళకు తెలుగు డబ్బింగ్ మాటలు రాసింది. ఆ పనిలో ఆమె తెర మీద చూసింది పెదవులనే. హిందీ మాటకు పెదవులు కలిసిన చోట తెలుగు మాటకూ కలవాలి, అవి విడిపోయిన చోట విడిపోవాలి. పాత్ర వెనక గోడ ఏ రంగులో ఉందో, దీపం ఎటు నుంచి పడుతోందో ఆమె ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఆమెది బొబ్బిలి. పెళ్ళయ్యాక ఢిల్లీ వచ్చింది. ఇప్పుడు వయసు యాభై ఒకటి. భర్త శివరామకృష్ణ ఘాజియాబాద్‌లో పంపులు తయారు చేసే ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరు. ఇల్లు ఆ ఊళ్ళోనే వైశాలి పేటలో, నాలుగో అంతస్తులో. పిల్లలు లేరు. హత్యల సినిమా టీవీలో వస్తే సుభద్ర వంటింట్లోకి వెళ్ళిపోయేది. వెళ్ళలేకపోతే తల పక్కకు తిప్పుకుని, "అయిపోయిందా? చూడొచ్చా?" అని భర్తను అడిగేది.

సీరియళ్ళ పని తగ్గిపోయిన ఏడాది నోయిడాలోని ఒక స్టూడియో నుంచి పిలుపు వచ్చింది. చూపు లేని ప్రేక్షకుల కోసం సినిమాకు వ్యాఖ్యానం రాయాలి. పాత్రల మాటల మధ్య దొరికే రెండు మూడు సెకన్ల ఖాళీల్లో, తెర మీద ఏం జరుగుతోందో చెప్పాలి. వాళ్ళు మొదట చేతికిచ్చిందే ఒక తెలుగు థ్రిల్లర్. కొండ మీద పాత బంగళా, అందులో ఒక నర్సు, ఆమె అక్క, బావ. హంతకుడు బావే. ఆ సంగతి చివరి పావుగంటలో గాని బయటపడదు.

స్టూడియోలో పని చూసే అర్జున్ ఢిల్లీలోనే పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తాడు. మొదటి రోజే నియమం చెప్పాడు.

"ఆంటీ, జో దిఖ్తా హై, వహీ బోల్నా హై. ఫీలింగ్ నహీ."

కనబడేదే చెప్పాలి, ఏమనిపిస్తోందో చెప్పకూడదు. సుభద్ర తల ఊపింది గాని, తీరా రాసేసరికి 'భయంకరమైన నీడ', 'గుండె ఝల్లుమనేలా' లాంటి మాటలు పేజీకి నాలుగైదు పడ్డాయి. అర్జున్ అన్నీ కొట్టేశాడు. రెండోసారి ఉన్నది ఉన్నట్టు రాసింది. అది అతనికి నచ్చింది. ఇక చూపు లేని మనిషి ఒకరు విని సరే అంటే రికార్డింగే.

ఆ వినేందుకు వచ్చిన అమ్మాయి పేరు శ్రుతి. సూర్యాపేట పిల్ల. ధౌలా కువాన్‌లోని కాలేజీలో బీఏ రెండో ఏడు చదువుతోంది. పుట్టుకతోనే చూపు లేదు. శనివారం పొద్దున తెల్ల కర్ర మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సుభద్ర పక్కనే కూర్చుని, సినిమా నడుస్తుంటే తన వ్యాఖ్యానం చదవడం మొదలుపెట్టింది.

ఇరవై నిమిషాలయ్యాక శ్రుతి చెయ్యెత్తింది.

"ఆంటీ, హంతకుడు వాళ్ళ బావనే గదా?"

సుభద్ర కంగారుపడింది. "నీకెలా తెలిసిపోయిందమ్మా?"

"మీరే చెప్పిండ్రు. పరదా కింద బావ బూట్లు కనిపిస్తున్నయి అని. ఇంక నేను సినిమా ఎందుకు చూడాలె?"

సుభద్ర కాగితం చూసుకుంది. నిజమే. తెర మీద కనిపించినవి రెండు నల్ల బూట్లు, అంతే. అవి బావవని సినిమా ఎక్కడా చెప్పలేదు. సినిమా మొత్తం ముందే చూసిన తను చెప్పేసింది. కొట్టేసి, 'రెండు నల్ల బూట్లు' అని రాసుకుంది.

మళ్ళీ మొదలుపెట్టారు. మెట్ల సీను వచ్చింది. 'నర్సు మెట్ల దగ్గర నిలబడింది. గోడ మీద పెద్ద నీడ పడింది,' అని చదివింది సుభద్ర. సంగీతం ఒక్కసారి హోరెత్తింది. శ్రుతి ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు.

"ఏటమ్మా, అర్థం కాలేదా?"

"నీడ అంటే చల్లగుంటది గదా ఆంటీ. ఎండల నడుస్తుంటే చెట్టు కిందికి పొయ్యినట్టు. దానికి ఆమె ఎందుకు భయపడ్తుంది?"

సుభద్ర సినిమా ఆపింది. వెలుతురుకు ఏదైనా అడ్డొస్తే వెనక నల్లగా దాని ఆకారం పడుతుందని చెప్పింది. ఆ సంగతి శ్రుతికి పుస్తకాల వల్ల తెలుసు. తెలియనిది, దాన్ని చూసి భయపడటమెందుకన్నదే. "నాకు సమజ్ గాలే," అని నిష్ఠూరం లేకుండా చెప్పి, మెట్రోకు టైమైందని లేచి వెళ్ళిపోయింది.

సుభద్ర ఇంటికి వచ్చి ఆ సీనును ముందు కళ్ళు మూసుకుని విన్నది. సంగీతం పెద్దదైంది, అంతే. తరవాత శబ్దం తీసేసి చూసింది. తల తిప్పుకోలేదు. ఆ ఆదివారమంతా సినిమా మొత్తాన్ని అలా శబ్దం లేకుండా, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, నోటుబుక్కులో రాసుకుంటూ చూసింది. నర్సు కుర్చీలో కూర్చుంటే ఆమెను తెర మధ్యలో పెట్టకుండా ఒక మూలకు నెట్టారు. మిగతా తెరంతా ఖాళీ తలుపు. ఆమె గదిలోంచి వెళ్ళిపోయినా కెమెరా మాత్రం ఆ గదిలోనే నిలబడి ఉంటుంది. అద్దంలో ఆమె తన జుట్టు చూసుకుంటుంటే మనకు ఆమె వెనక తెరుచుకుంటున్న కిటికీ కనబడుతుంది. ప్రతిచోటా పాత్రకు తెలియనిది చూసేవాళ్ళకు ముందు తెలుస్తోంది. ఇన్నేళ్ళూ తను తల తిప్పుకున్నది సరిగ్గా ఆ క్షణాల దగ్గరే.

భర్తకు చెబితే అతను పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"మా టెస్టింగ్ గదిలో రోజూ అంతే. ప్రెషర్ గేజు ముల్లు ఎర్ర గీత వైపు పోతుంటుంది. పైపు మామూలుగానే ఉంటుంది. చూస్తున్నవాడికి చెమటలు పడతాయి. పగిలాక భయమేముంది, తుడుచుకోవడమే."

మరుసటి శనివారం సుభద్ర శ్రుతిని నీడ గురించి ఏమీ అడగలేదు. వేరే ప్రశ్న వేసింది.

"ఒక మనిషి ఇంకా గదిలోకి రాకముందే, వస్తున్నారని నీకెలా తెలుస్తుంది?"

శ్రుతి నవ్వింది. "మా హాస్టల్ వార్డెన్ దీదీ జర్దా తింటది. ఆమె మూల తిరగకముందే వాసనొస్తది. ఫోన్ దిండు కింద పెట్టేస్తం."

"వాసన వచ్చాక, ఆమె వచ్చేలోపల ఎలా ఉంటుంది?"

"అదే కష్టం ఆంటీ. వచ్చినంక తిడ్తది, అయిపోతది. ఆ నడుమ టైమే..." అని ఆగింది. తనే మళ్ళీ అంది, "నీడ గట్లనా? మనిషి కన్న ముందొస్తదా?"

"ముందొస్తుందమ్మా. మనిషి కంటే పెద్దగా కూడా వస్తుంది."

సుభద్ర అక్కడే కూర్చుని వాక్యం తిరగరాసింది. 'గోడ మీదికి, మనిషి కంటే ముందు, అతని నీడ వచ్చింది.' తెలుగు వాక్యంలో చెప్పదలచుకున్నదాన్ని చివరిదాకా దాచిపెట్టే వీలుంది. పద్దెనిమిదేళ్ళు పెదవుల కొలతకు మాటలు ముందుకూ వెనక్కూ జరిపిన అలవాటు ఇక్కడ పనికొచ్చింది. తలుపు, పరదా, బూట్లు ఉన్న సీనుకు నాలుగు సెకన్లే ఖాళీ ఉంది. 'ఆమె వెనక తలుపు. తలుపుకి పరదా. పరదా కింద, రెండు నల్ల బూట్లు.' సరిగ్గా సరిపోయింది.

అర్జున్ ఒప్పుకోలేదు, అది కనబడేది కాదు, ఊహించి చెప్పేది అన్నాడు. "ఆంటీ, 'మనిషి కంటే ముందు' ఇంటర్‌ప్రిటేషన్ హై. రూల్ కే ఖిలాఫ్."

"కాదు బాబూ. సీను వేసి చూడు. ఏది ముందు కనబడింది?"

అతను సీను వేసి రెండుసార్లు చూశాడు. నీడ వచ్చిన మూడు సెకన్లకు గాని మనిషి రాలేదు. "ఠీక్ హై. టెక్నికల్లీ కరెక్ట్," అని ఫైలు సేవ్ చేశాడు.

నెల తరవాత స్టూడియోవాళ్ళు ఒక పొద్దున చూపు లేనివాళ్ళను పదకొండు మందిని పిలిచి సినిమా వేశారు. సుభద్ర వెనక వరసలో శ్రుతి పక్కన కూర్చుంది. నీడ మాట రాగానే శ్రుతి ఆమె మణికట్టు పట్టుకుంది. బూట్ల దగ్గర ముందు వరసలోంచి ఒక పెద్దావిడ, "లేవవే పిల్లా, లే!" అని నర్సును గట్టిగా హెచ్చరించింది. ఎవరూ నవ్వలేదు. పొగడ్త అంటే ఏమిటో సుభద్రకు పెద్దగా పరిచయం లేదు. డబ్బింగ్ బాగుంటే ఎవరూ గమనించరు.

ఆఖరున శివకుమార్ అనే ఆయన లేచాడు. బ్యాంకులో రిటైరైన మనిషి. ముప్పై ఏళ్ళ వయసులో చూపు పోయింది.

"మేడమ్, బాగా రాశారు. కానీ చివర నడవ సీను ఉంది చూశారా, అక్కడ గచ్చు రంగు, బల్బుల లెక్క, గోడ మీద పటాలు అన్నీ చెప్పేశారు. నేను సినిమాలు చూసిన మనిషిని. అలాంటి చోట ఏమీ కనబడకపోవడమే అసలు సంగతి. దాన్ని కూడా మాటలతో నింపేస్తే ఎలాగండీ?"

సుభద్ర నోటుబుక్కు తీసి ఆ మాట రాసుకుంది. అక్కడ పదకొండు సెకన్ల ఖాళీ దొరికింది కదా అని నింపేసింది నిజమే. ఆ పదకొండు సెకన్ల మీద తనకే ఎక్కువ గర్వం ఉండింది. సాయంత్రం ఆ భాగమంతా కొట్టేసి, 'నడవ ఖాళీగా ఉంది' అని మాత్రం ఉంచి, మిగతా తొమ్మిది సెకన్లూ వదిలేసింది. మర్నాడు అందరికంటే ముందు శివకుమార్‌కే ఫోన్లో వినిపించింది. ఆయన ఇంకోసారి వెయ్యమన్నాడు. "ఆఁ, ఇప్పుడుంది," అన్నాడు.

సినిమా ఆ వ్యాఖ్యానంతోనే విడుదలైంది. ఆ తరవాత స్టూడియో పద్ధతి కొంచెం మారింది. రాసినది పూర్తయ్యాక వినిపించడం మానేసి, మొదటి రోజు నుంచే వినేవాళ్ళను పక్కన కూర్చోబెడుతున్నారు. శ్రుతి ప్రతి శనివారం మెట్రో దిగి వస్తుంది. సుభద్ర గేటు దాకా ఎదురు వెళ్తుంది.

హత్యల సినిమాలంటే ఆమెకు ఇప్పటికీ ఇష్టం లేదు. చూస్తుంది, అంతే. ప్రస్తుతం ఇద్దరికీ ఒక పొగమంచు సీను దగ్గర పేచీ నడుస్తోంది. పొగమంచులో మనిషి కరిగిపోయాడని సుభద్ర రాసింది. మనుషులు కరగరని శ్రుతి అంటోంది.