స్టార్టర్ డబ్బాకు కట్టిన నిమ్మకాయ

బోరులో నీళ్లెట్లున్నాయని ఎవరడిగినా మా అత్తమ్మది ఒకటే జవాబు: "ఏం నీళ్లు బిడ్డా, అడుగంటినయి." అవతల పైపు నిండా నీళ్లు దుముకుతుంటే, ఈవిడ మాత్రం కరువొచ్చినట్టు మొహం పెడుతుంది. హనుమకొండలో పెరిగి ఈ ఊరికి కోడలిగా వచ్చినదాన్ని, మొదట్లో నిజమేననుకొని దిగులుపడ్డాను. ఊరంతా ఇదే మాట అంటుందని తర్వాత తెలిసింది. ఉన్నాయంటే దిష్టి తగులుతుందట. అందుకే అత్తమ్మ ప్రతి శనివారం మా మోటారు స్టార్టర్ డబ్బాకు కొత్తగా నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి కడుతుంది.

మరి కింద నిజంగా ఎన్ని నీళ్లున్నట్టు? చెరువైతే కట్టెక్కి చూస్తాం, బావి అయితే తొంగి చూస్తాం. బోరులోకి ఎలా చూడటం? ఓసారి గొట్టానికి చెవి ఆనించి వింటుంటే అత్తమ్మ వెనక నుంచి, "ఫోన్ ఎత్తిందా గంగమ్మ?" అని వెక్కిరించింది.

ఆ మధ్య పంచాయతీ, భూగర్భజల శాఖ, ఒక స్వచ్ఛంద సంస్థ కలిసి మా పడమటి గుట్ట మీద కందకాలు తవ్వించాయి, వాన నీరు అక్కడే ఇంకాలని. చదువుకున్న కోడలని నన్నూ నీటి కమిటీలో వేశారు. వానాకాలం పంట ఇంటికొచ్చాక, యాసంగిలో ఎవరేం వేయాలో ఊరంతా కూర్చొని తేల్చాలన్నారు. కందకాలు తవ్వినంక నీళ్లకేం ఫికరని అందరి మనసూ వరి మీదే ఉంది. అత్తమ్మదీ అంతే.

సభ రోజు పొద్దున, ఎవరూ మోటార్లు వేయకముందే, సంస్థ వాళ్లు ఒక టేపు తెచ్చారు. దాన్ని బోరులోకి దించితే నీళ్లు తగలగానే కూత పెడుతుందట. నాకు ప్రాణం లేచొచ్చింది. ముందు మా బోరే కొలవమన్నాను.

"నీళ్లకు గూడ టేపు పెడ్తరా? దిష్టిని బొట్టువెట్టి పిలిచినట్టే" అని సణుగుతూనే అత్తమ్మ వచ్చి పక్కన నిలబడింది.

టేపు దిగుతోంది. ఇంకా దిగుతోంది. కూత లేదు. నా సంబరం మెల్లగా చల్లారిపోయింది. చివరికి కూత వినబడ్డాక మా ఆయన లెక్క చూసి తల పట్టుకున్నాడు. బోరు లోపల దించిన మోటారు పైన మిగిలింది ఒక్క పైపు పొడవంత నీళ్లే. పైన ధార తగ్గలేదు కాబట్టి మాకు తెలియలేదు. గుట్ట ఇంకించిన దానికన్నా మేం తోడిందే ఎక్కువన్నమాట.

పక్క చేను బోరు, మా బోరు భూమిలో ఒకే నీటి ఊట మీద ఉన్నాయి. మేం వరి మానుకున్నా, వాళ్లు వేస్తే మా చేను ఎండుతుంది. ఆ మధ్యాహ్నం అత్తమ్మ అన్నం ముందు ఊరికే కూర్చుంది. నాకు భయమేసింది.

సాయంత్రం పంచాయతీ ముందు సభలో ఆమే మొదట లేచింది.

"బోర్ల నీళ్లు అడుగంటినయి. ఎవ్వలు వరి వెయ్యకుండ్రి."

అందరూ గొల్లున నవ్వారు. పక్క చేను రైతు అత్తమ్మకు వరుసకు మరిది. కళ్లు తుడుచుకుంటూ, "నువ్వు ఎన్నడన్న ఉన్నయన్నవా వదినె? నీ బోరు మా కండ్ల ముందటనే పోస్తాంది గదా!" అన్నాడు.

టేపు చూపిన లెక్క చెబుదామని నేను లేవబోయాను. అత్తమ్మ చేత్తో ఆపి కొంగు ముడి విప్పింది. అందులోంచి స్టార్టర్ డబ్బాకు కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు తీసి సర్పంచు ముందున్న బల్ల మీద పెట్టింది. మొన్న శనివారం కట్టినవే, ఇంకా వాడిపోలేదు.

"ఇప్పుకొచ్చిన. ఇగ దిష్టి తగలనీకి ఆడ ఏమున్నదయ్యా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. మరిది ఆ నిమ్మకాయను చేతిలోకి తీసుకుని చూసి, నా వైపు తిరిగాడు.

"ఇయ్యాల మీ బోర్ల దించిన ఆ టేపు, రేపు పొద్దుగాల జర మా బోరుకాడికి తెస్తవా బిడ్డా?"