క్లారినెట్ నతానియేలు ముందుపన్ను

కనకమామిడి ఊళ్లో నతానియేలు పేరుతో ఇద్దరు ముగ్గురున్నారు గానీ, క్లారినెట్ నతానియేలు ఒక్కడే. చేవెళ్లలో భూపాల్ నడిపే బ్యాండులో ఇరవై ఎనిమిదేళ్లు వాయించాడు. ఊరేగింపులో డోళ్లు, ట్రంపెట్లు ఎంత మోత మోగించినా పాటను ఎత్తుకుని ముందుకు నడిపేది అతనే. ఆదివారం చర్చిలో కూడా కీర్తన అతను అందుకున్నాకే జనం గొంతు కలిపేవారు.

ఆ విద్య అతనికి చేవెళ్ల మైసయ్య నేర్పినది. నతానియేలుకు పన్నెండేళ్లప్పుడు మైసయ్య ఎదురుగా కూచోబెట్టుకుని, వేలితో పెదవి సర్ది చూపించేవాడు. "పైపండ్లు ఆనియ్యి. కింది పెదవి లోపటికి మడువు. ఇగ ఊపిరి ఇడువు." మైసయ్యకు స్వరాలు రాసుకోవడం తెలియదు. అతనికి తెలిసిందంతా ఈ మూడు మాటల్లో ఉంది. క్లారినెట్‌లో నోట పెట్టుకునే మౌత్‌పీసు మీద పైముందు పళ్లు రెండూ గట్టిగా ఆనాలి. ఆ ఆనిక కదిలితే పాట కదులుతుంది.

రెండేళ్ల కిందట మాఘమాసంలో మొయినాబాద్ దాటాక ఒక ఫాంహౌజులో పెళ్లి. పొద్దున పదకొండు గంటల వేళ. పెళ్లికొడుకు స్నేహితులు బ్యాండు మధ్యలోకి వచ్చి ఎగురుతున్నారు. నతానియేలు కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు. వాళ్లలో ఒకతను వెనక్కి గెంతడంతో అతని మోచెయ్యి క్లారినెట్ కింది కొసకు తగిలింది. మౌత్‌పీసు పైకి తన్నింది. కుడివైపు ముందుపన్ను చిగురు లోపలిదాకా విరిగిపోయింది. తగిలించినతనికి ఆ సంగతే తెలియదు. చేతులు పైకెత్తి ఎగురుతూనే ఉన్నాడు. నతానియేలు తువ్వాల నోట్లో కుక్కుకుని గోడ పక్కన కూలబడ్డాడు. బ్యాండు ట్రంపెట్లతోనే పాట పూర్తిచేసింది.

చేవెళ్లలో పంటి డాక్టరు మిగిలిన వేరు తీసేసి, పెట్టుకుని తీసేసే పన్ను ఒకటి చేసిచ్చాడు. దానితో అన్నం తినొచ్చు, నలుగురిలో మాట్లాడొచ్చు. మౌత్‌పీసు ఆనిస్తే మాత్రం అది ఊడి నాలుక మీద పడేది. తీసేసి ఊదితే సందులోంచి గాలి పోయి, కోడిపిల్లను తొక్కినట్టు కీచుమనేది. భూపాల్ రెండు పెళ్లిళ్లు ఓర్చుకున్నాడు. మూడోదానికి శంకర్‌పల్లి నుంచి ఇంకో క్లారినెట్ మనిషిని పిలిపించి, నయమయ్యాక రా అన్నా అని మెల్లగా చెప్పాడు.

నతానియేలు చేవెళ్ల దగ్గర పూలతోటలో పనికి కుదిరాడు. మొయినాబాద్‌లో కవిత అనే పంటి డాక్టరమ్మ ఉందని, ఎముకలోనే పన్ను నాటుతుందని అతని భార్య విజయరాణి ఎవరి దగ్గరో విన్నది. ఇద్దరూ వెళ్లారు. కవిత ఎక్స్‌రే ఫోటో తీసి చూసి, దవడ బొమ్మ చేతిలో పట్టుకుని ఓపికగా చెప్పింది.

"ఎముకల స్క్రూ పెడ్తం. ఎముక దాన్ని పట్టుకోవాలె. పైదవడ గదా, అయిదు నెలలు పడ్తది. అటెన్క దాని మీద పన్ను బిగిస్తం. అప్పటిదాంక క్లారినెట్ నోట్ల పెట్టద్దు. ఒక్కసారి గూడ."

తర్వాత మునుపటిలాగే ఊదొచ్చా అని నతానియేలు అడిగాడు. ఊదొచ్చనే అనుకుంటున్నానని, ముందు అతనికున్న షుగరు తగ్గాలని ఆమె చెప్పింది.

షుగరు తగ్గించడానికి అతను రాత్రిపూట అన్నం మానేశాడు. జొన్నరొట్టె, ఆకుకూర. చిన్నప్పటి నుంచి ఉన్న బీడీ అలవాటు కూడా వదిలేశాడు. రెండు నెలలకు కవిత సరేనంది. వేసవి చివర స్క్రూ బిగించి, పైన చిగురు కుట్టేసింది. ఖాళీ కనబడకుండా పైకి పెట్టుకునే పన్ను ఇచ్చి, అది చూపుకే తప్ప దాని మీద బరువు పడకూడదని మరీ మరీ చెప్పింది. ఇంటికొచ్చాక నతానియేలు రోజూ సాయంత్రం క్లారినెట్ పెట్టెలోంచి తీసి, మౌత్‌పీసు ఊడదీసి పక్కన పెట్టి, ఒట్టి మీటల మీద వేళ్లాడించేవాడు. టకటక చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. ఆ చప్పుడులో అతనికి ఏ పాట వినిపిస్తోందో విజయరాణి వేళ్లు చూసి కనిపెట్టేది.

వానాకాలంలో మైసయ్య మంచాన పడ్డాడు. నతానియేలు చూడబోయాడు. మైసయ్య అతన్ని నోరు తెరవమని, కుట్టిన చోటు చాలాసేపు చూశాడు.

"డాక్టరమ్మ మాట ఇను. పన్ను నిలవడేదాంక ఎవ్వలకు ఊదకు," అన్నాడు. కాస్త ఆగి, "నాకు గూడ ఊదకు. నేను డప్పులతోని పోత," అన్నాడు.

నతానియేలు ఆయన కాళ్లు పట్టుకుని కూచున్నాడు.

వారానికి మైసయ్య పోయాడు. స్క్రూ పెట్టి అప్పటికి మూడు నెలల పది రోజులు. శంకర్‌పల్లి క్లారినెట్ మనిషి ఆ రోజు వేరే ఊళ్లో ఉన్నాడు. డప్పులున్నాయి, ట్రంపెట్ పట్టుకుని సాయిచంద్ ఉన్నాడు. సాయిచంద్ చేతికి సినిమా పాటలే వచ్చు. మైసయ్య నలభై ఏళ్లు ప్రతి శవం ముందూ వాయించిన తత్వం ఒకటుంది. అది సాయిచంద్‌కు రాదు. పాడె లేపే ముందు మైసయ్య భార్య సాలమ్మ, ఎవరి ముఖమూ చూడకుండా, "ఆ తత్వం ఎవ్వలకు రాదా?" అన్నది.

భూపాల్ తలవంచుకున్నాడు. మైసయ్య క్లారినెట్ శవం తలాపున బియ్యం పక్కన పెట్టి ఉంది. నతానియేలు వంగి దాన్ని తీసుకున్నాడు.

మౌత్‌పీసుకు బిగించిన పలుచటి రీడు పుల్ల ఎండిపోయి ఉంటే నాలుకతో తడిపాడు. పైకి పెట్టుకున్న పన్ను ఊడకుండా, మౌత్‌పీసును దవడకేసి గట్టిగా అదిమాడు. మొదటి రెండు ఊపిర్లు తేలిపోయాయి. మూడోదానికి తత్వం లేచింది, దాని వెనకే పాడె కదిలింది. ఆడవాళ్ల గుంపులో నడుస్తున్న విజయరాణి ముందుకు వచ్చి చూడలేదు. ఆ ఊపిరి ఎవరిదో ఆమెకు చూడకుండానే తెలుసు. ఇంటి నుంచి శవాలు పూడ్చే బొందలగడ్డ దాకా అరగంట నడక. ఒక్క తత్వమే అనుకుని మొదలుపెట్టినవాడు దారి పొడుగునా ఆపలేదు. నోట్లో ఉప్పగా తగిలింది. మింగి మళ్లీ ఊదాడు. గుంత దగ్గర క్లారినెట్ దించినప్పుడు రీడు ఎర్రగా ఉంది.

ఇంటికెళ్లే ఆటోలో విజయరాణి ఎంతసేపు ఊదినవని అడిగింది. జరంతే అన్నాడు.

పన్నెండో రోజుకు చిగురు వాచింది. ముట్టుకుంటే చీము వచ్చింది. మొయినాబాద్ వెళ్లారు. కవిత ఫోటో తీసింది. స్క్రూ చుట్టూ నల్లటి గీత కనబడింది. ఎముక దాన్ని పట్టుకోలేదు. ఆమె వేళ్లతో తిప్పితేనే స్క్రూ తిరిగింది. చేతిలోకి వచ్చేసింది.

"ఊదినవా అన్నా?"

"లేదు మేడమ్."

విజయరాణి గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ ఉండిపోయింది. షుగరు మళ్లీ పెరిగిందని పరీక్షలో తేలింది. కవిత పాత కాగితాలన్నీ ముందేసుకుని, తాను స్క్రూ పెట్టినరోజు రాసుకున్నవి మళ్లీ చదివింది. తన వైపు నుంచే ఏదైనా పొరపాటు జరిగిందేమోనని చిన్న గొంతుతో అంది. నతానియేలు తల ఎత్తలేదు.

ఆ అబద్ధం అతన్ని తినేసింది. చర్చిలో మోకాళ్ల మీద కూచున్నా డాక్టరమ్మ కాగితాలు తిప్పడమే కళ్ల ముందు కనబడేది. అంత బాధలోనూ ఒక్క ఆసరా ఉండేది. పోతే పోయింది, మైసయ్య కోసం పోయింది, అనుకునేవాడు. విజయరాణితో కూడా అదే మాట అన్నాడు. మూడు వారాలయ్యాక ఎవరికీ చెప్పకుండా, ఒక్కడే మొయినాబాద్ వెళ్లి కవిత ముందు నిలబడ్డాడు.

"ఊదిన మేడమ్. మా గురువు సచ్చిపోతె ఊదిన. మీ తప్పేం లేదు."

ఆమె కోప్పడలేదు. కూచోమని కుర్చీ చూపించింది. ఆ తర్వాత ఉన్నదున్నట్టు చెప్పింది. ఊదడం వల్ల పోయి ఉండొచ్చు. షుగరు వల్ల అంతకుముందే ఎముక పట్టు ఇవ్వకపోయి ఉండొచ్చు. కొందరికి ఏ కారణమూ లేకుండానే నిలవదు.

"నువ్వు ఊదకపోయినా నిల్చేదని నేను చెప్పలేను అన్నా."

అతను ఆ మాట మళ్లీ చెప్పమన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. అప్పటిదాకా మైసయ్యకు తన పన్నునే ఇచ్చాననుకున్నాడు. ఇచ్చాడో, అది ముందే పోయిందో, ఇక ఎవరికీ తెలియదు. మళ్లీ ప్రయత్నించాలంటే, ముందువైపు గోడలా ఉండే ఎముక కరిగిపోయింది గనుక అక్కడ కొత్తగా ఎముక పొడి పెట్టాలని, షుగరు అదుపులో ఉంటే ఏడాది పైనే పడుతుందని, అయినా నమ్మకం చెప్పలేనని కవిత అంది. నతానియేలు దండం పెట్టి లేచాడు. మళ్లీ రాలేదు.

ఆ క్రిస్మస్‌కు ఊళ్లో పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగే గుంపు అతని గుమ్మం ముందు కూడా ఆగింది. విజయరాణి బయటికి వెళ్లి వాళ్లతో కలిసి పాడింది. అతను లోపల మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. గుంపు వెళ్లిపోయాక, ఆమె లోపలికి వచ్చేసరికి, అతను క్లారినెట్ బిగించి నోటి పక్కకు, కోరపంటి మీదికి ఆనించి ఊదుతున్నాడు. తల్లిని పోగొట్టుకున్న దూడ అరిచినట్టు ఒక కూత వచ్చింది. ఇంకోసారి ఊదాడు. అదే కూత. ముక్కలు ఊడదీసి, తుడిచి, పెట్టెలో సర్ది ఆమె చేతికిచ్చాడు.

"అటుక మీద ఎయ్యి," అన్నాడు.

"మల్ల చూద్దాం గదా," అంది ఆమె.

"చూసేదేమున్నది."

ఆమె నిచ్చెన వేసుకుని పెట్టెను అటక మీద, పాత బిందెల వెనక పెట్టింది.

ఇప్పుడతను పొద్దున్నే ఆటోలో పూలతోటకు పోతాడు. గులాబీలు కోసి, కట్టలు కట్టి, సాయంత్రం వస్తాడు. పైకి పెట్టుకునే పన్ను కూడా పెట్టుకోవడం మానేశాడు. బ్యాండులో ఇప్పుడు కీబోర్డు పెట్టుకున్నారు, దాన్ని బండి మీద తోసుకుంటూ పోతారు. వాయిస్తలేవా అన్నా అని దారిలో ఎవరైనా అడిగితే, పన్ను లేదని చేత్తో చూపిస్తాడు. నోరు మాత్రం తెరవడు.