ఎడమకు తిరిగిన ఆకు

ఫ్యాక్టరీలో అందరూ ఆమెను పొగమ్మ అనేవారు. కొత్త సిగార్ బజారుకెళ్ళే ముందు కాల్చి, రుచి ఎలా ఉందో తేల్చడం ఆమె పని. "మా ఆవిడకి జీతమిచ్చి మరీ చుట్ట తాగిస్తారు. నేను తాగితే మాత్రం గుమ్మం బయటే," అని భర్త చుట్టాల దగ్గర వాపోయేవాడు.

ఆమెను ఆ పనిలో పెట్టించింది అక్క. అక్క అక్కడే సిగార్లు చుట్టేది. ఎడమచేతి వాటం మనిషి. అందరి సిగార్లకూ పై ఆకు కుడికి తిరిగితే, ఆవిడ చుట్టినవాటికి ఎడమకు తిరిగేది. అక్క పోయాక చాలాకాలం ఆ బల్ల ఖాళీగానే ఉంది.

ఒక మధ్యాహ్నం మేనేజర్ కొత్త రకం సిగార్ తెచ్చి ముందు పెట్టాడు. "నిదానంగా చూసి చెప్పండి. దీని మీద చాలా ఆశ పెట్టుకున్నాం."

పొగమ్మ కొన కత్తిరించి వెలిగించింది. పొగ మొదట బిగుతుగా వచ్చి, గడియ తీసినట్టు ఒక్కసారిగా వదులైంది. నాలుక చివర కాస్త తీపి. అక్క చుట్టినవి మాత్రమే అలా కాలుతుండేవి. వేళ్ళ మధ్య తిప్పి చూసింది. ఆకు ఎడమకు తిరిగి ఉంది.

"ఎవరు చుట్టారిది?"

"కొత్తగా చేరినావిడ. చోటు లేక మీ అక్కగారి బల్ల ఇచ్చాం. ఏం, బాలేదా?"

"బాగుంది," అంది నెమ్మదిగా.

రుచి చూసేవాళ్ళు సగంలోనే ఆర్పేస్తారు. ఆమెకు చేతులు రాలేదు. అక్క మాట్లాడుతుంటే మధ్యలో లేచిపోయినట్టవుతుందనిపించింది. వేళ్ళు చురుక్కుమనేదాకా కాల్చి, చుట్టే గదికి వెళ్ళింది.

మిగతావాళ్ళు టీకి వెళ్ళారు. అక్క బల్ల దగ్గర కొత్తావిడ ఒక్కతే ఉంది, నడివయసు మనిషి.

"మీది ఎడమచేతి వాటమా?"

"కాదండీ." ఆవిడ గొంతు తగ్గించింది. "ఇక్కడ కూర్చుంటేనే ఇలా. కుడికి తిప్పబోతే వేళ్ళు మాట వినవు. ఎవరో చెయ్యి పట్టుకుని దిద్దిస్తున్నట్టుంటుంది. ఇప్పుడు ఇంట్లో కూడా ఎడమచేత్తోనే తల దువ్వుతున్నాను. మా పాప నన్ను చూసి, నువ్వు మా అమ్మవి కాదు అంటోందండీ."

పొగమ్మ ఆవిడను బయటికి పంపి, తలుపు వేసి, బల్ల ముందు కూర్చుంది.

"అక్కా, ఇంక చాలు. ఆవిడకి చిన్నపిల్ల ఉంది. వదిలెయ్యి."

పక్కనున్న ఖాళీ కుర్చీ మీద చెయ్యి పెడితే, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు, వెచ్చగా ఉంది. పొగమ్మ ఆ వెచ్చదనం పోయేదాకా కూర్చుని, కళ్ళు తుడుచుకుని లేచింది.

పొగమ్మ అడగగా, మేనేజర్ కిటికీ పక్కన చోటు చేసి కొత్తావిడకు వేరే బల్ల వేయించాడు. కొద్దిరోజుల్లో ఆవిడ చెయ్యి కుడికే మళ్ళింది. పాప తల్లి ఒళ్ళోకి వచ్చింది. సిగార్ విడుదలై బాగానే అమ్ముడుపోయింది. డబ్బాలో అన్నీ ఒకేలా కనబడాలని, ఎడమకు తిరిగినవాటిని మాత్రం మేనేజర్ ముందే విప్పించేశాడు. విప్పిన ఆకులను బల్ల మీద పరిచారు. అవి వాటంతటవే, మెల్లగా, మళ్ళీ ఎడమకే చుట్టుకోసాగాయి. కదలడం ఆగేదాకా పొగమ్మ గుమ్మంలోనే నిలబడింది.