గ్రేస్ అక్క అడిగిన సెర్చ్

నిన్న పొద్దున గ్రేస్ అక్క తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్క పోయిందన్నా."

"ఏ అక్క?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు. అతనికి ఉన్నది ఒక్కతే అక్క.

మీలో చాలామందికి ఆమె తెలియదు. కావలి దగ్గర ఒక చిన్న లైబ్రరీలో పనిచేసేది. పోయినేడు ఆ లైబ్రరీ వెబ్‌సైట్ మార్చే పని మా టీమ్‌కు వచ్చింది. డిజైన్ మొదలుపెట్టే ముందు, వాడేవాళ్లు ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో చూడాలి. అందుకని లాప్‌టాప్ పట్టుకుని నెల రోజులు ఆమె టేబుల్ పక్కనే కూర్చున్నాను. రోజూ ఆమె క్యారియర్‌లో నాకూ అన్నం ఉండేది.

మా పనిలో ఒక రూల్ ఉంది. ఎదుటి మనిషి సైట్‌తో తిప్పలు పడుతుంటే సాయం చేయకూడదు. చూసి రాసుకోవాలి, అంతే.

ఒకరోజు బోగోలు నుంచి ఒకామె వచ్చింది. కూతురికి నర్సింగ్ పుస్తకం కావాలట. లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పుస్తకం పేరు తెలుగులో కొట్టింది.

'ఫలితాలు లేవు' అని వచ్చింది.

మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. ఆ సైట్‌కు ఇంగ్లిష్ స్పెల్లింగ్ తప్ప తెలియదు. పుస్తకం మాత్రం ఆమె వెనక ర్యాక్‌లోనే ఉంది.

"లేదంటయ్యా" అని లేచి వెళ్లిపోయింది. నేను రాసుకుంటున్నాను.

అప్పుడే లోపలి గదిలోంచి వచ్చిన అక్క స్క్రీన్ చూసింది. ర్యాక్‌లోంచి పుస్తకం లాగి, చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాప్ దాకా పరిగెత్తింది. బస్సెక్కబోతున్న ఆమె చేతిలో పెట్టి, రొప్పుతూ తిరిగొచ్చింది.

"ఏందబ్బా నువ్వు చేసే పని? పుస్తకం ఈడ పెట్టుకొని, ఆమె ఉత్త చేతుల్తో పోతావుంటే రాసుకుంటా కూర్చున్నావే!"

నేను లాప్‌టాప్ మూసేశాను.

"ఇంకేం వద్దు. తెలుగులో కొడితే పుస్తకం రావాల. అంతే."

నా రిపోర్ట్‌లో మొదటి పాయింట్ అదే.

మీటింగ్‌లో దాన్ని సెకండ్ ఫేజ్‌కు, అంటే తర్వాతెప్పుడో చేసే పనుల్లోకి, తోసేశారు. వాదించాను. ఎవరూ వినలేదు. కొత్త రంగులతో, కొత్త బొమ్మలతో సైట్ వచ్చేసింది.

అప్పటికే అక్క నెల్లూరులో హాస్పిటల్లో ఉంది. లివర్ అన్నారు. చూడ్డానికి వెళ్తే మొదటి మాటే, "ఆ సెర్చ్ అయిందా?"

"అయిపోయిందక్కా."

ఎలా వచ్చిందో ఆ అబద్ధం.

"ఏదీ, ఇటియ్యి" అని నా ఫోన్ తీసుకుంది. సెలైన్ సూది ఉన్న చేత్తో ఆ నర్సింగ్ పుస్తకం పేరే తెలుగులో కొట్టింది.

ఫలితాలు లేవు.

కాసేపు స్క్రీన్‌నే చూసింది. నా మొహం వైపు చూడలేదు. ఫోన్ తిరిగిచ్చి, "ఈడ నెట్ సరిగా రాదులే" అంది.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. తర్వాత రెండుసార్లు వెళ్లాను. ఆమె అడగలేదు. నేను నోరు విప్పలేదు.

నిన్న సాయంత్రం సమాధుల తోటలో ఆమె తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. "నీ వెబ్‌సైట్ గురించి వార్డులో నర్సులందరికీ గొప్పగా చెప్పిందన్నా."

తల దించుకున్నాను.

సెకండ్ ఫేజ్ ఎప్పుడో నాకు తెలియదు. ఉంటుందో లేదో కూడా తెలియదు. అడిగితే 'చూద్దాం' అంటున్నారు. అంతకుమించి నా చేతిలో ఏమీ లేదు.

నన్ను క్షమించక్కా.

నువ్వు నమ్ముకున్న ప్రభువు దగ్గర, ఏ నొప్పీ లేకుండా, హాయిగా నిద్రపో.