ఎడారి పతకాలు, మా ఇంటి బిళ్ల

ఆ రెండు పతకాలను చూస్తే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మండేది. నాన్న వాటిని మఖ్మల్ గుడ్డలో చుట్టి ఇనుప పెట్టెలో దాచి, తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు. అమ్మను కూడా ముట్టనిచ్చేవాడు కాదు. ఒకదాని మీద ఖర్జూరపు చెట్టు, కత్తులు. రెండోదానికి పొడుగాటి రంగుల పట్టీ.

ఎన్నో దేశాలు జట్టు కట్టి ఎడారిలో చేసిన యుద్ధం తాలూకు పతకాలవి. పటాలాలు ఏ దేశపు ఇసుకలో దిగాయో ఆ దేశం ఒకటిచ్చింది, ఆ యుద్ధంతో విడుదలైన పక్కదేశం ఇంకొకటిచ్చింది. అయితే కొన్ని సైన్యాలు తమ సిపాయిలకు, "తీసుకోండి గానీ తగిలించుకోకండి" అని హుకుం వేశాయట. పరాయి రాజు ఇచ్చింది తమ రాణి ఇచ్చిన దాని పక్కన వేలాడకూడదని వాళ్ల పట్టింపు. తగిలించుకోరాని పతకం ఎవరికి కావాలి? అటువంటి సిపాయి ఒకడు ఇంటికి పోతూ పోతూ రెండింటినీ మా నాన్న చేతిలో పెట్టాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

మా నాన్న సిపాయి కాదు. మా ఊరు వీపనగండ్ల నుంచి ఆ ఎడారి దేశానికి కూలి పనికని పోయి, సిపాయిల క్యాంపులో బట్టలుతికాడు. యుద్ధం ముగిశాక కూడా కొన్నేళ్లు అక్కడే ఉండిపోయాడు. ఊళ్లో మాత్రం "మిలిట్రీల చేసిన" అని చెప్పుకున్నాడు. ఇంట్లో తన అంగీ తాను ఏనాడూ పిండుకోని మనిషికి, ఎడారిలో ముక్కూ మొహం తెలియని వాళ్ల బనియన్లు ఉతికానని చెప్పడానికి నామోషీ.

ఆయన అక్కడున్న ఆ ఏళ్లన్నీ అమ్మా నేనూ గద్వాల దిక్కు పత్తి విత్తనాల చేలలో క్రాసింగు పనికి పోయాం. పొద్దున్నే పూలు తెంపి, ఒక్కో మొగ్గకూ చేత్తో పుప్పొడి రుద్దాలి. మధ్యాహ్నానికి వేళ్లు మొద్దుబారిపోయేవి. ఎడారి రాజులు సిపాయిలకు కృతజ్ఞత చెప్పారు, సిపాయి దాన్ని మా నాన్నకు దాటించాడు, మా నాన్న పెట్టెలో పెట్టి తాళం వేశాడు. అమ్మ దాకా అది రానేలేదు. నా కోపమంతా అదే, ఇప్పటికీ చల్లారలేదు.

నిరుడు నాన్న పోయాడు. పదో దినానికి ఊరికి పోయేసరికి బస్సు దిగేచోట పెద్ద ఫ్లెక్సీ. ఎవరిదో మిలిటరీ దుస్తుల ఒంటికి మా నాన్న తలకాయ అతికించారు. ఛాతీ మీద ఆ రెండు పతకాలు. కింద "వీర సైనికుడు" అనీ, ఆ కింద చేతులు జోడించిన మా చిన్నాయన బొమ్మా. సర్పంచిగా నిలబడాలని ఆయనకు ఎప్పటి నుంచో ఉబలాటం. నేను అక్కడికక్కడే తాళ్లు తెంపి ఫ్లెక్సీ గుంజేశాను.

చిన్నాయన ఉరికొచ్చాడు. "ఏంది బిడ్డా గిది? మీ నాయిన ఇజ్జత్ తీస్తున్నవ్!"

"తీస్తున్నది నువ్వు చిన్నాయనా. ఆయన తుపాకి పట్టలే, సబ్బు పట్టిండు."

"నోరు తెర్వకు. ఊర్ల తలెత్తుకోవాల్నా వద్దా?"

ఇంటికి పోయి చెప్తే అమ్మ తలెత్తకుండా బియ్యం చెరుగుతూనే ఉంది. దానికి కూడా నాకు కోపమొచ్చింది.

అసలు గొడవ ఆ తర్వాత. మా ఇంట్లో ఎవరైనా పోతే వాళ్ల పేరిట వెండి బిళ్ల చేయించి, దాని మీద మనిషి బొమ్మ కొట్టించి, దేవుని గూట్లో పెడతాం. ఏటా పండుగకు చింతపండుతో తోమి బొట్టు పెడతాం. గూట్లోకి ఒకసారి ఎక్కిన బొమ్మే ఇక ఆ మనిషి. మనుమలకూ మునిమనుమలకూ వాళ్ల తాత అదే. మామూలుగా పోయినవాళ్లకు చేతులు జోడించి నిలబడ్డ బొమ్మ, కొట్లాటలో పోయినవాళ్లకు గుర్రం మీద కత్తి పట్టిన బొమ్మ. చిన్నాయన మాత్రం తుపాకి కావాలన్నాడు. అదీ ఆ పతకాలు కరిగించి చేయించాలన్నాడు. అబద్ధం ఫ్లెక్సీ మీదుంటే వానకు చిరుగుతుంది, గూట్లోకి ఎక్కితే మా వంశమంతా దానికి మొక్కాలి. చచ్చినా ఒప్పుకోనన్నాను.

బిళ్ల మాత్రం తప్పదు కనుక, పతకాలు పట్టుకుని ముగ్గురమూ గద్వాల బస్సెక్కాం. దారి పొడుగునా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మా బిళ్లలు చేసే అవుసలాయన గుడ్డ విప్పి, రెండింటినీ అటూ ఇటూ తిప్పాడు. ఒకదాని అంచు ఆకురాయితో గీకాడు. రెండోదాన్నీ గీకాడు.

"గీండ్ల వెండి లేదమ్మా. ఇత్తడే. మీద పూత."

"మంచిగ చూడు," అన్నాడు చిన్నాయన. "రాజులిచ్చినయి అవి."

"ఏ రాజిస్తేంది? పైన పటారం, లోన లొటారం. గీంతోని బిళ్ల గాదు."

నాకు నవ్వొచ్చింది. సిగ్గు లేకుండా, గట్టిగా నవ్వాను. మొలతాడుకు తాళంచెవి కట్టుకుని ముప్పై ఏళ్లు కాపలా కాసింది దీనికా! చిన్నాయన మొహం మాడిపోయింది. పతకాలను ఒక్క తోపు తోసేసి, "నీ కాడ పాత వెండేమన్న ఉంటే దాంతోనే ఓ బిళ్ల కొట్టియ్యి, తుపాకి మాత్రం మరువకు" అన్నాడు.

అప్పుడు అమ్మ చీర కొంగు ముడి విప్పింది. అందులో పదో దినాన తీసేసిన ఆమె కాలి మెట్టెలున్నాయి. నా నవ్వు ఆగిపోయింది.

"ఇవి కరిగియ్యి అన్నా. పెండ్లినాడు ఆయన తొడిగినయే."

"బొమ్మ ఏది కొట్టాలె చెల్లె?"

చిన్నాయన నోరు తెరవబోయాడు. అమ్మ ఆయన దిక్కు తిరిగింది. ఆయన ముందు ఆమె గొంతెత్తడం నేను ఏనాడూ వినలేదు.

"నువ్వు ఊకో. ఆయన సెప్పిన అబద్ధం బతికినన్నాళ్లు నేనే మోసిన. ఊరోళ్లు అడిగితె అవునన్న. సచ్చినంక గూడ మొయ్యాల్నా? మొక్కుతున్న మనిషిని కొట్టు అన్నా. తుపాకి లేదు, గుర్రం లేదు. ఉత్త మనిషి."

చిన్నాయన చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లు దిగిపోయాడు. పతకాలు అక్కడే పడున్నాయి. నేనూ వాటిని ముట్టలేదు.

అవుసలాయన మెట్టెలను మూసలో వేసి నిప్పులు ఊదాడు. పోదాం పదమ్మా అన్నాను. ఆమె కదల్లేదు. వెండి మెత్తబడి, ఆకారం చెడి, నీళ్లయిపోయేదాకా రెప్ప వేయకుండా చూస్తూ నిలబడింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుంది.

"రాజులందరు కలిసి ఇత్తడి ఇచ్చిండ్రు బిడ్డా," అంది. "వెండి నేనిచ్చిన."